వ్యాధిక్షమత్వము – దినచర్య – జనపదోద్ధ్వంసము : పటాన్‌చెరువు ప్రాంతమును బట్టి ఒక పరిశీలన

'రోగనిరోధకశక్తి' అను సమాసము వినబడని యిల్లు నేడు తెలుగునాట లేదు. 2020లో కోవిడ్ వ్యాపించిన నాటి నుండి 'ఇమ్యూనిటీ' అను ఆంగ్లపదము కిరాణా దుకాణములోని పొట్లముల మీదికి కూడ ఎక్కినది. ఆ సంవత్సరముననే కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ గోరువెచ్చని నీరు, పసుపు కలిపిన పాలు, చ్యవనప్రాశ, ప్రాణాయామము మొదలగు దైనందిన నియమములను సూచించినది. ఆ సూచనలలో తప్పు పట్టవలసినదేమియు లేదు. కాని శాస్త్రము ఈ విషయమును దేనితో ముడిపెట్టి చెప్పినదో గమనింపక, నాలుగు వస్తువుల పేర్లు మాత్రము వల్లించినచో శాస్త్రార్థము సగమే తెలిసినట్లగును. చరక సుశ్రుత వాగ్భటుల అభిప్రాయములను సంగారెడ్డి, పటాన్‌చెరువు పారిశ్రామిక ప్రాంతపు స్థితితో సరిపోల్చి చూచుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. గ్రంథమునందలి మాటకు లోకమున పరీక్ష జరుగు స్థలములలో అది యొకటి.

ముందుగా పదవిచారము. ఆయుర్వేదము వాడిన మాట 'వ్యాధిక్షమత్వము'. చరకసంహిత సూత్రస్థానము 28వ అధ్యాయమున అగ్నివేశుడు గురువు నొక ప్రశ్న అడిగినాడు. హితాహారము తినువారిలో రోగులు కనబడుచున్నారు, అహితాహారము తినువారిలో ఆరోగ్యవంతులు కనబడుచున్నారు, ఇది యెట్లు అని. ఆత్రేయుడు ఇచ్చిన సమాధానములో మూడంశములున్నవి. అపథ్యములన్నియు సమానమైన దోషము కలవి కావు. దోషములన్నియు సమబలములు కావు. శరీరములన్నియు వ్యాధిక్షమత్వమున సమర్థములు కావు. పదునొకండవ శతాబ్దివాడైన చక్రపాణిదత్తుడు ఈ పదమునకు రెండు పార్శ్వములను చూపినాడు. వచ్చిన వ్యాధి యొక్క బలమును ఎదిరించుట ఒకటి, వ్యాధి పుట్టుకనే అడ్డగించుట రెండవది. నేటి 'నిరోధము' అనుమాటలో ఈ రెండవ అర్థమే ప్రధానమైనది. మొదటిది మరుగున పడినది.

'క్షమ' శబ్దమును అమరసింహుడు నానార్థవర్గమున చెప్పినాడు. స్త్రీలింగమున భూమి, ఓర్పు అనియు, తక్కినచోట్ల యుక్తము, సమర్థము, హితము అనియు అర్థములు. అనగా వ్యాధిక్షమత్వమున శత్రుసంహారము కన్న సహనసామర్థ్యము ముఖ్యము. 'పోరాటము', 'సైన్యము', 'కవచము' అను రూపకములతో విద్యార్థులకు ఈ విషయము చెప్పుట ఇప్పుడు పరిపాటియైనది. శరీరము తన ధాతువులనే శత్రువులని భ్రమించి పీడించు వ్యాధులు కూడ కలవని నేటి వైద్యులే చెప్పుచున్నారు గనుక, కేవలము శక్తిని 'పెంచుట' అనునది సరియైన లక్ష్యము కాదు. సమత్వమే లక్ష్యము. మన పూర్వులు ఎన్నుకొన్న పదము ఈ దృష్టితో చూచినచో మిక్కిలి యుక్తమైనది.

బలము త్రివిధమని చరకుడు. పుట్టుకతో వచ్చునది సహజము. ఋతువును, వయస్సును బట్టి కలుగునది కాలజము. ఆహారము, చేష్ట మొదలగువానిచే సంపాదించునది యుక్తికృతము. దినచర్యకు అధికారము ఈ మూడవదాని మీదనే. మిక్కిలి స్థూలమైనవి, మిక్కిలి కృశించినవి, మాంసరక్తాస్థులు చక్కగా కూర్పుపడనివి, దుర్బలములు, అసాత్మ్యమైన ఆహారముతో పెరిగినవి, అల్పాహారముతో నిలుచునవి, అల్పసత్త్వము కలవి అగు శరీరములు వ్యాధికి ఓర్వలేవని పైన చెప్పిన 28వ అధ్యాయమే పేర్కొన్నది. ఈ పట్టికలో సంపన్నుని స్థూలకాయమును, పేదవాని అల్పాహారమును ఒకే వరుసలో నిలిపిన సంగతి గమనార్హము.

దినచర్యాంగములు పాఠకులకు కరతలామలకములు గనుక వానిని ఇచట వివరింపను. ఆహారమును గురించి మాత్రము ఒక మాట చెప్పవలెను. సూత్రస్థానము 25వ అధ్యాయమున శ్రేష్ఠవస్తుగణనము కలదు. దానిలో బలకరములైనవానిలో సర్వరసాభ్యాసము శ్రేష్ఠమనియు, దౌర్బల్యకరములైనవానిలో ఏకరసాభ్యాసము అగ్రగణ్యమనియు చెప్పబడినది. ఆరు రుచులను నిత్యము సేవించుట అనగా పలువిధములైన ధాన్యములు, పప్పులు, ఆకుకూరలు, పండ్లు తినుట. ఇది వెలగల లేహ్యముల కన్న ముందు చెప్పవలసిన విషయము. మెదకు, సంగారెడ్డి పల్లెలలో ఒకనాడు జొన్నరొట్టె, కందిపప్పు, తోటకూర, చింతపండు పులుసు, మజ్జిగ అను భోజనములో ఈ లక్షణము చాలవరకు అమరియుండెడిది. తరువాతి కాలమున తెల్లబియ్యము తక్కినవానిని వెనుకకు నెట్టినది. అయినను ఈ జిల్లాలోనే జహీరాబాదు సమీపమున పస్తాపూరు కేంద్రముగా 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళాసంఘములు జొన్న, కొర్ర, సామ, సజ్జ మొదలగు చిరుధాన్యములను పప్పుధాన్యములతో కలిపి ఒకే చేనిలో పండించుచున్నవి. వారికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఈక్వేటర్ బహుమానము లభించినది. ఒకే చేనిలో పలు పంటలు, ఒకే విస్తరిలో పలు రుచులు. సర్వరసాభ్యాసమునకు ఇంతకన్న మంచి వ్యాఖ్యానమును నేను ఏ టీకలోను చూడలేదు. పటాన్‌చెరువునందే 1972లో నెలకొన్న అంతర్జాతీయ పంటల పరిశోధనసంస్థ ఇక్రిశాట్ కూడ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీదనే పరిశ్రమించుచున్నది.

ఇక నిద్ర. కొన్ని సంవత్సరముల క్రిందట పటాన్‌చెరువు సమీప గ్రామమొకదానిలో దినచర్యను గురించి ప్రసంగింపవలసినదిగా నన్ను పిలిచినారు. బ్రాహ్మీముహూర్తమున లేవవలెనని నేను చెప్పుచుండగా, రాత్రి షిఫ్టు ముగించుకొని నేరుగా వచ్చి కూర్చున్న ఒక కార్మికుడు లేచి, "అయ్యగారూ, మాకు ఒక వారం పొద్దటి షిఫ్టు, ఒక వారం పగటి షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. మేము పండుకునేదే మీ బ్రాహ్మీముహూర్తంల. మా సంగతేంది?" అని అడిగినాడు. సభలో కొందరు నవ్విరి. కాని ప్రశ్న నవ్వదగినది కాదు. వాగ్భటుడు బ్రాహ్మీముహూర్తమున లేవవలసినవాడు 'స్వస్థుడు' అని విశేషించి చెప్పినాడు. పాఠశాలలో మేము సాయంసంధ్య ముగిసిన కొంతసేపటికే పండుకొని, చుక్క పొడుచునప్పటికి లేచి వల్లెవేసెడివారము. మాకు ఆ విధి సులభము. యంత్రము ముందు తెల్లవార్లు నిలుచువానికి అది అన్వయింపదు.

అట్టివానిని శాస్త్రము విడిచిపెట్టలేదు. రాత్రి జాగరణము రూక్షత్వమును పెంచుననియు, పగటినిద్ర స్నిగ్ధత్వమును పెంచుననియు సామాన్యనియమము. అయినను బరువులు మోయుటచే, నడకచే, శ్రమచే డస్సినవారికి చరకుడు సూత్రస్థానము 21వ అధ్యాయమున పగటినిద్రను అనుమతించినాడు. వాగ్భటుడు ఇంకను నిర్దిష్టముగా, అలవాటు లేని జాగరణము జరిగినచో మేల్కొన్న కాలములో సగము కాలము మరునాటి ఉదయమున, భోజనమునకు ముందే నిద్రింపవలెనని విధించినాడు. ఆరు గంటల జాగరణమునకు మూడు గంటల నిద్ర, అదియు ఖాళీ కడుపుతో. షిఫ్టు దిగి వచ్చి కడుపునిండ తిని పండుకొనుట ఈ ప్రాంతమున సాధారణము. ఆ యొక్క అలవాటును మార్చుకొమ్మని ఆ కార్మికునికి చెప్పితిని.

నిద్రకును క్షమత్వమునకును గల సంబంధమును నేటి పరీక్షలు బలపరచుచున్నవి. 2015లో అమెరికాలో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కులలో జలుబు కలిగించు క్రిమిని వేసి చూచినారు. రాత్రి ఏడు గంటలకు మించి నిద్రించినవారి కన్న ఆరు గంటల లోపు నిద్రించినవారికి జలుబు వచ్చు అవకాశము నాలుగురెట్లకు పైగా కనబడినది. శరీరమునకు ఆధారస్తంభములుగా ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడింటిని చెప్పినవారికి ఇది ఆశ్చర్యము కలిగింపదు. కాని వారమువారము షిఫ్టు మార్చు పద్ధతిలో నిద్రను సరిదిద్దుకొనుట కార్మికుని చేతిలో నున్నది కాదు. ఇక్కడనే దినచర్య వ్యక్తి పరిధిని దాటుచున్నది.

ఆ సభయందే ఒక వృద్ధురాలు అడిగిన ప్రశ్న ఇంకను కఠినమైనది. "బోరు నీళ్ళు మసలబెడితే మంచిగైతయా పంతులుగారూ?"

సుశ్రుతుడు సూత్రస్థానము 45వ అధ్యాయమున చెడిన నీటిని శుద్ధిచేయు ఉపాయములు చెప్పినాడు. నిప్పుమీద కాచుట, ఎండలో వేడిచేయుట, కాల్చిన ఇనుపగుండునుగాని ఇసుకనుగాని నీటిలో వేయుట అనునవి వ్యాపన్నజలమునకు. కలకబారిన నీటిని తేర్చుటకు ఏడు సాధనములలో మొదటిది కతకము, అనగా మన చిల్లగింజ. వస్త్రము కూడ ఆ ఏడింటిలో నున్నది. రాగిపాత్రలో 16 గంటలు నిలువ ఉంచిన నీటిలో అతిసారమును కలిగించు క్రిములు నశించుచున్నవని 2012లో బెంగుళూరు పరిశోధకులు ప్రకటించినారు. ఇవి యన్నియు సత్యములే. కాని ఇవి క్రిములకును, మట్టికిని విరుగుడులు. నీటిలో కరిగిన ఆర్సెనిక్ కాచుటచే పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది దాని పాలు హెచ్చును. చిల్లగింజను అరగదీసినను, రాగిబిందెలో పోసినను దానినుండి రక్షణ కలుగుననుటకు ఆధారము లేదు. అందుచేత నేను ఆమెకు, ముందు ఆ బోరునీటిని పరీక్ష చేయింపుమనియు, అంతవరకు త్రాగుటకు దానిని వాడవలదనియు చెప్పితిని. ఒక సంస్కృతపండితుడు చెప్పవలసిన సమాధానము ఇదియేనా అని కొందరు మిత్రులు అనిరి. ఇదియే అని నా అభిప్రాయము.

ఏలయనగా, చరకసంహితలో దినచర్య ఒక్కటే లేదు. విమానస్థానము మూడవ అధ్యాయము జనపదోద్ధ్వంసనీయము. పాంచాలరాజధానియైన కాంపిల్యమున, గ్రీష్మాంతమున, గంగాతీరమున సంచరించుచు పునర్వసు ఆత్రేయుడు అగ్నివేశునికి చేసిన ఉపదేశమది. ప్రకృతి, ఆహారము, బలము, సాత్మ్యము, సత్త్వము, వయస్సు వేర్వేరుగా గల జనులు ఒకే వ్యాధిచే ఒకేసారి ఎట్లు నశింతురని శిష్యుని ప్రశ్న. వ్యక్తులలో భేదములున్నను అందరికి సామాన్యములైనవి నాలుగు కలవు, వాయువు, ఉదకము, దేశము, కాలము అని, అవి చెడినప్పుడు జనపదము చెడునని గురువు సమాధానము. ఈ నాలుగింటిలో ఒకదానికన్న ఒకటి తప్పించుకొనుటకు కష్టతరమని కూడ చెప్పినాడు.

అక్కడ చెప్పిన లక్షణములను పటాన్‌చెరువు ప్రాంతమెరిగినవారు చదివినచో విస్మయము పొందుదురు. చెడిన వాయువునకు అసాత్మ్యమైన వాసన, ఆవిరి, ధూళి, పొగ లక్షణములు. చెడిన జలమునకు వాసన, రంగు, రుచి, స్పర్శ మిక్కిలి వికారము పొందుట, నీటిపక్షులు విడిచిపోవుట లక్షణములు. పటాన్‌చెరువు పేరులోనే చెరువున్నది. కల్యాణి చాళుక్యుల శాసనములలోని పొట్టలకెరె ఈ యూరే అని చరిత్రకారులు గుర్తించినారు. ఆ పేరు చివరనున్న 'కెరె'యు చెరువే. 1970 దశకమునుండి ఈ చుట్టుపట్ల పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము, కాజిపల్లి, గడ్డపోతారములలో కర్మాగారములు, విశేషించి ఔషధముల మూలద్రవ్యములను తయారుచేయునవి, వెలసినవి. వాని వ్యర్థజలములు చెరువులలోనికి, మంజీరలో కలియు నక్కవాగులోనికి ప్రవహించినవి. 1990లో ఈ కాలుష్యముపై సుప్రీంకోర్టులో రిట్ దాఖలైనది. పంటలు, భూములు నష్టపోయిన రైతులకు పరిహారపు ప్రశ్న సంగారెడ్డి జిల్లా న్యాయాధిపతి విచారణకు వచ్చినది. 2001లో వ్యాజ్యము హైకోర్టుకు బదిలీయైనది. పటాన్‌చెరువులో వైద్యవృత్తిలో నుండి డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దముల తరబడి ఈ ఉద్యమమును నడిపినారు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞులు 2001లో ప్రచురించిన వ్యాసమున ఇచటి నేలలో సీసము, క్రోమియము, నికెలు, ఆర్సెనిక్, కాడ్మియము హెచ్చుగా నున్నవని తేల్చినారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణమండలి దేశమున మిక్కిలి కలుషితములైన 43 పారిశ్రామిక ప్రాంతముల పట్టికలో పటాన్‌చెరువు–బొల్లారమును చేర్చినది.

సుశ్రుతుడు కల్పస్థానమున 'దూషీవిషము'ను వర్ణించినాడు. పాతబడినది, బలము తగ్గినది అగు విషము వెంటనే చంపదు. కఫావృతమై సంవత్సరముల తరబడి దేహమున నిలిచి, దేశకాలములు, అన్నము, పగటినిద్ర అనువానిచే ప్రేరితమై ధాతువులను దూషించును. నేటి లోహవిషములకు ఇది పర్యాయమని చెప్పుటకు నేను సాహసింపను. ఆ మాటను తేలికగా వాడువారు ఎక్కువైనారు. కాని అల్పమాత్రలో చేరి, నెమ్మదిగా బలమును హరించు విషము కలదను భావన మన తంత్రమున స్పష్టముగా నున్నదని చూపుట యుక్తము. ఆర్సెనిక్ దీర్ఘకాలము దేహమున చేరినచో రోగమును ఎదిరించు శక్తియే సన్నగిల్లునని ఆధునికులు చెప్పుచున్నారు.

ఇంతకన్న విచిత్రమైన విషయము మరొకటి యున్నది. 2007లో స్వీడన్ దేశపు గోటెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు సుమారు 90 ఔషధ కర్మాగారముల వ్యర్థజలములను శుద్ధిచేయు పటాన్‌చెరువు కేంద్రము నుండి వెలువడు నీటిని పరీక్షించిరి. శుద్ధి జరిగిన పిదప కూడ అందులో సిప్రోఫ్లోక్సాసిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడినది. కొన్ని సూక్ష్మక్రిములను చంపుటకు చాలిన మోతాదుకు ఇది వేయిరెట్లకు పైన. 2009లో వెలువడిన మరొక పరిశోధనలో చెరువులలోను, పల్లెల బావులలోను ఔషధముల జాడలు తేలినవి. తరువాతి పరీక్షలలో వాగు అడుగున నున్న బురదలో మందులకు లొంగని లక్షణము గల క్రిమిజన్యువులు విస్తారముగా బయటపడినవి.

దీనిని మన పరిభాషలో చెప్పినచో ఇట్లుండును. నిత్యసేవనముచే ఒక వస్తువు దేహమునకు ఒదిగిపోవుటను 'ఓకసాత్మ్యము' అందురు. నక్కవాగులోని క్రిములు మందులను నిత్యము సేవించి వానికి ఓకసాత్మ్యమును పొందినవి. మనము వ్యాధికి క్షమత్వము కోరుచుండగా, క్రిములు ఔషధమునకు క్షమత్వము సంపాదించుకొన్నవి. వాని దినచర్య మన దినచర్య కన్న నియమబద్ధముగా సాగినది. ఆ క్రిముల వలన కలుగు జ్వరమునకు వైద్యుడిచ్చు మందు పనిచేయనప్పుడు, తెల్లవారుజామున లేచినవాడును, లేవనివాడును సమానులే. వ్యర్థజలములలో ఈ మందుల అవశేషములకు పరిమితి విధించుచు కేంద్రప్రభుత్వము 2020 జనవరిలో ఒక ముసాయిదా ప్రకటించినది. 2021లో వెలువడిన తుది నియమములలో ఆ పరిమితులు చోటుచేసికొనలేదు.

జనపదోద్ధ్వంసమునకు మూలము అధర్మమనియు, అధర్మమునకు మూలము ప్రజ్ఞాపరాధమనియు ఆత్రేయుడు. దీనిని దేవతాకోపమని వ్యాఖ్యానించి దాటవేయువారున్నారు. మూలములో కర్తలు స్పష్టముగా చెప్పబడినారు: దేశము, నగరము, జనపదము అనువాని ప్రధానులు ధర్మమును మీరి ప్రజలను నడపుట, వారి నాశ్రయించినవారును, పౌరులును, వ్యాపారముచే జీవించువారును ఆ అధర్మమును పెంచుట. ఈ వరుసలో వ్యాపారజీవులను చేర్చుట యాదృచ్ఛికము కాదు. మనుస్మృతి నాలుగవ అధ్యాయమున స్నాతకవ్రతములలో, నీటిలో మలమూత్రములు, ఉమ్మి, రక్తము, విషములు విడువరాదని నిషేధము కలదు. స్నాతకవ్రతమనగా నిత్యాచారము, దినచర్యయే. పన్నెండుమంది నివసించు ఇంటికి దినచర్య ఉన్నట్లే, పన్నెండువందలమంది పనిచేయు కర్మాగారమునకును ఉండవలెను కదా. అది ప్రతిదినము ఏమి పీల్చుచున్నది, ఏమి విడుచుచున్నది అను ప్రశ్న శాస్త్రబాహ్యము కాదు.

అందుచేత మన కళాశాలలలో స్వస్థవృత్తమును బోధించునప్పుడు అష్టాంగహృదయపు దినచర్యాధ్యాయము వెంటనే చరకుని విమానస్థానము మూడవ అధ్యాయమును కూడ చెప్పుట మేలని నా సూచన. విద్యార్థులు నక్కవాగు వరకు ఒకమారు నడిచి వచ్చినచో పాఠము మరింత స్థిరపడును. జనపదము చెడినప్పుడు చేయదగిన పనులను కూడ ఆత్రేయుడు చెప్పినాడు. పంచకర్మలు, రసాయనములు, సత్యము, భూతదయ, సద్వృత్తము, మంచి జనపదమునకు తరలిపోవుట. చివరిది భూమియే జీవనమైన రైతునకు సాధ్యము కాదు. రసాయనముల విషయమున మాత్రము ఒక హెచ్చరిక అవసరము. ఓషధులను భూమి రసము చెడకముందే సేకరించి ఉంచుకొనవలెనని ఆ అధ్యాయముననే ఉన్నది. సుశ్రుతుడు సూత్రస్థానము 36వ అధ్యాయమున ఓషధి యెట్టి నేలలో మొలచినదై యుండవలెనో చెప్పుచు, విషము, శస్త్రము, ఎండ, గాలి, నిప్పు, నీరు, ఇరుకు, బాట అనువానిచే దెబ్బతిననిది గ్రాహ్యమన్నాడు. ఈ ప్రాంతమున గోడలమీదను, కంచెలమీదను తిప్పతీగ సమృద్ధిగా ప్రాకియుండును. కోవిడ్ కాలమున దానిని కోసికొనిపోయినవారు తక్కువమంది కారు. సుశ్రుతుని లక్షణములో విషమును, బాటయు రెండును ఉన్నవి. బొల్లారము రోడ్డుప్రక్కన పెరిగిన తిప్పతీగ ఆ రెండు పరీక్షలలోను నిలువదు.